ఎవరు చూడొచ్చారు?

"ఎవరు చూడొచ్చారు బావగారూ!" అన్నాడు మా బావమరిది.

ఆదివారం, పొద్దున్న పదిన్నర వేళ. నా కుడిచేతిలో సన్నపాటి కుంచె. దాని కొస మీద నువ్వుగింజలో సగం కూడా లేని తడి పొర. ఆ పొర మీద రెండక్షరాలు. ఎడమచేతిలో విమానం. విమానమంటే కంగారుపడకండి, జానెడు కూడా లేని ప్లాస్టిక్ విమానం. నేను ఊపిరి బిగబట్టి ఆ పొరని విమానం తోక మీద దింపబోతున్న సమయానికి ఆయనగారు గుమ్మంలో చెప్పులు విప్పి, లోపలికొచ్చి, నా భుజం మీంచి తొంగిచూసి, పైమాట సెలవిచ్చారు.

నేను ఊపిరి వదిలాను. పొర ఎటో పోయింది.

ఆ తర్వాత ముప్పావుగంట సేపు మా ఇంట్లో జరిగింది వర్ణించను. భూతద్దంతో నేను బల్ల కింద. టార్చిలైటుతో మా ఆవిడ బల్ల చుట్టూ. కాఫీ గ్లాసుతో బావమరిది సోఫాలో. చివరికి ఆ పొర అతగాడి చొక్కా మోచేతి మీదే దొరికింది. ఆరిపోయి, ముడుచుకుపోయి, చచ్చిన చీమలా ఉంది. "దీనికోసమా ఇంత హంగామా! ఇది లేకపోతే మాత్రం ఎవరు చూడొచ్చారు?" అన్నాడు మళ్ళీ.

ఈ వ్యాసం అతని మీద కాదని మొదటే మనవి చేసుకుంటున్నాను. బావమరుదుల మీద వ్యాసాలు రాసి సుఖపడ్డవాడు లేడు. నా తగాదా అతను అన్న ఆ రెండు మాటలతో. "ఎవరు చూడొచ్చారు?" చూడ్డానికి ఎంత అమాయకమైన మాటలో! కాని తలుపులకి చెద పట్టినట్టు మన పనులకి పట్టిన చెద ఇది. పైకి తలుపు తలుపులాగే ఉంటుంది. వేలు పెట్టి నొక్కితే లోపలికి దిగిపోతుంది.

ముందు అసలు సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ప్లాస్టిక్ విమానం ముక్కలు ముక్కలుగా పెట్టెలో వస్తుంది. వాటిని అతికించి, అరగదీసి, రంగు వేస్తే బొమ్మ తయారవుతుంది. కాని అప్పటికది ఎవరి విమానమో తెలీదు. బారసాల కాని పిల్లాడిలాగ ఉంటుంది. అది ఏ దేశానిది, ఏ దళానిది, నెంబరెంత, ఎక్కడ కాలు పెట్టవచ్చు, ఎక్కడ పెట్టకూడదు, పెట్రోలు ఎక్కడ పొయ్యాలి, ఇవన్నీ చెప్పే గుర్తుల్ని ఒక కాగితం మీద అచ్చువేసి అదే పెట్టెలో పెడతారు. వాటిని డెకాల్స్ అంటారు. ఇంగ్లీషువాళ్ళు ట్రాన్స్‌ఫర్లు అనేవారు.

ఇదేదో మనకి సంబంధం లేని విడ్డూరం అనుకోకండి. మీ అమ్మగారి పాత కుట్టుమిషను నల్లటి ఒంటి మీద బంగారు లతలు ఉండేవి, గుర్తుందా? అవి ఈ జాతివే. పింగాణీ కప్పుల మీద గులాబీలు చాలామట్టుకు ఇలా పొరగా దిగినవే. చిన్నప్పుడు మనం తడిపి నోటుపుస్తకం అట్టమీద అద్దుకున్న పువ్వులూ, చిలకలూ వీటికి చెల్లెళ్ళే. పందొమ్మిదో శతాబ్దంలో యూరపులో జనం ఈ పొరబొమ్మల మీద వెర్రెత్తిపోయారు. ఈ పనికి వాళ్ళు పెట్టిన పేరు డెకాల్కొమానియా. పేరులోనే మానియా ఉంది, అంటే పిచ్చి. కాబట్టి నన్ను ఎవరైనా పిచ్చివాడంటే నేను నొచ్చుకోను. నిఘంటువు ఎప్పుడో అనేసింది.

ఇక పని సంగతి. డెకాల్‌లో మూడు అంతస్తులున్నాయి. అడుగున కాగితం, మధ్యన నీళ్ళకి కరిగే జిగురు, పైన అచ్చుని మోసే పల్చటి పారదర్శకమైన పొర. కావలసిన గుర్తుని కత్తిరించి, గోరువెచ్చటి నీళ్ళున్న సాసర్లో పది పదిహేను సెకన్లు ముంచి, తీసి, తడిగుడ్డ మీద పెట్టి ఒక్క నిమిషం ఆగాలి. ఆగడం మన రక్తంలో లేదు. అందుకని చాలామంది దాన్ని నీళ్ళలోనే వదిలేసి, అది కాగితాన్ని విడిచి పడవలా తేలేదాకా చూస్తారు. అప్పటికి జిగురంతా సాసర్లో ఉంటుంది, పొర మాత్రం చేతిలో ఉంటుంది. అలా కాకుండా, నిమిషం ఆగి, కాగితం అంచుని విమానానికి ఆనించి, పెనం మీంచి అట్టు జారినట్టు పొరని కుంచెతో మెల్లిగా నెట్టాలి. లాగకూడదు. లాగితే తెగుతుంది.

అదయినా, కింద రంగు నున్నగా ఉంటేనే. యుద్ధవిమానాల రంగు మెరవదు, మసకగా ఉంటుంది. మసక రంగు వేలికి నున్నగానే తగులుతుంది గాని, భూతద్దంలో చూస్తే గంటు పెట్టని గోడలా గరుకు. ఆ గుంటల్లో గాలి చిక్కుకుంటుంది. ఆరేక పొర కింద ఆ గాలి వెండిలా తళతళలాడుతూ, "ఇదిగో, ఇక్కడ కాగితం అంటించారు" అని ఊరంతా చాటుతుంది. అందుకని ముందు మెరిసే వార్నిషు కొట్టి, దాని మీద డెకాల్ వేసి, ఆఖర్న మళ్ళీ మసక వార్నిషు కొట్టాలి. ఒక మెరుపుని వెయ్యడం, తర్వాత ఆ మెరుపుని చంపడం.

ఇవన్నీ ఒకెత్తు, ద్రావకం ఒకెత్తు. పొరని మెత్తబరిచే ద్రావకం ఒకటుంది. రాసిన మరుక్షణం ఆ చక్కటి గుర్తు ముసలివాడి చెంపలా ముడతలు పడిపోతుంది. చేసేవాడి ప్రాణం గొంతులోకొస్తుంది. మనిషికి పరీక్ష ఇక్కడే. సర్దుదామని వేలు పెట్టాడా, చిరిగి ఊరుకుంటుంది. చేతులు కట్టుకుని అవతలికి పోయి ఓ పావుగంట తర్వాత వస్తే, ముడతలు వాటంతటవే విడిపోయి, రేకుల మధ్య గీతల్లోకి సైతం పొర దిగి, రంగుతో రాసినట్టే కూచుంటుంది. ముడత పడ్డప్పుడు వేలు పెట్టకుండా ఉండడం ఎంత గొప్ప విద్యో సంసారులకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంతా చేస్తే దక్కేదేమిటి? పొర అంచు కనపడదు. జిగురు కనపడదు. గాలి కనపడదు. పడ్డ పాట్లు అసలే కనపడవు. సరిగ్గా వేసిన డెకాల్ అక్కడ ఉన్నట్టే తెలీకూడదు. ఇదంతా బావమరిదికి చెబితే, "కనపడని దానికి ఇంత పనా?" అని నవ్వాడు.

అప్పుడు మా ఆవిడ అందుకుంది. ఆవిడ అంతవరకూ కిటికీ దగ్గర కూచుని కొత్త చీరకి ఫాల్ కుడుతోంది. "ఏరా, చీర ఫాల్ ఎవరు చూడొచ్చార్రా? మొన్న మీ ఆవిడ పట్టుచీరకి నేనే కుట్టిచ్చాను. ఒక్క కుట్టు పైకి కనపడిందని రెండో రోజు వెనక్కి పంపించింది మహాతల్లి. విప్పి మళ్ళీ కుట్టాను. అదేదో వెళ్ళి మీ ఇంట్లో అడుగు, ఎవరు చూడొచ్చారని!"

బావమరిది నోరు మూసుకున్నాడు. నా ముప్పై ఏళ్ళ వాదాన్ని ఆవిడ మూరెడు దారంతో గెలిచింది.

కాని నేను గెలిచానని సంబరపడిపోవడానికి వీల్లేదు. ఎంచేతంటే, నిజం చెప్పాలి గనక చెబుతున్నాను, ఆ పాడుమాట మొదట అన్నవాణ్ణి నేనే.

1978లో ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకని మద్రాసు వెళ్ళాను. ఉద్యోగం రాలేదు. మూర్ మార్కెట్లో పాత పుస్తకాల గుట్టల మధ్య, ఎలకలు మూల కొరికిన పెట్టె ఒకటి కనిపించింది. (ఆ మూర్ మార్కెట్టూ 1985లో తగలబడిపోయింది.) పెట్టెలో హరికేన్ విమానం, అసలుదానిలో డెబ్భైరెండో వంతు. ఆ లెక్కన ఆరడుగుల మనిషి అంగుళం అవుతాడు. నలభై అడుగుల రెక్కలున్న హరికేన్ పదిహేడు సెంటీమీటర్లవుతుంది. తిరుగు టిక్కెట్టుకి పోగా జేబులో మిగిలిందంతా ఇచ్చి కొన్నాను. తణుకులో ఉన్న మా పెదనాన్నకి బహుమతిగా ఇద్దామని నా ఊహ.

మా పెదనాన్న యుద్ధకాలంలో వైమానికదళంలో ఫిట్టరుగా చేరినవాడు. 1944లో ఇంఫాల్‌లో ఒకటో నెంబరు స్క్వాడ్రన్ హరికేన్లకి పనిచేశాడు. ఆ స్క్వాడ్రన్ నాయకుడు అర్జన్ సింగ్. ఆయనే 1965 యుద్ధంలో మన వైమానికదళాధిపతి, 2002లో మార్షల్ హోదా అందుకున్నాయన. మా పెదనాన్న మాత్రం యుద్ధం సంగతులు ఎప్పుడూ చెప్పేవాడు కాదు. అడిగితే, "దోమలురా అబ్బాయ్, దోమలు" అనేవాడు.

సరే, విమానం అతికించాను. రంగులు వేశాను. డెకాల్ కాగితం చూస్తే పాతబడి పసుపుపచ్చగా తిరిగింది. అలాంటిదాన్ని కిటికీ అద్దానికి అంటించి కొన్నాళ్ళు ఎండ తగలనిస్తే పసుపు విరుగుతుందనీ, ముంచేముందు పైన ఒక పూత వార్నిషు వేస్తే ముక్కలవకుండా ఉంటుందనీ అప్పటికి నాకు తెలీదు. తిన్నగా నీళ్ళలో వేశాను. రెక్క మీద వెయ్యాల్సిన చక్రం నాలుగు ముక్కలైంది. ఆ నాలుగు ముక్కల్నీ పగిలిన అప్పడం పేర్చినట్టు పేర్చి, "పోనిద్దూ, ఎవరు చూడొచ్చారు!" అనుకున్నాను.

చూడొచ్చాడు మా పెదనాన్న. కళ్ళజోడు తుడుచుకుని, బొమ్మని వెలుతురులోకి తీసికెళ్ళి, అటూ ఇటూ తిప్పాడు. చక్రం ముక్కల సంగతి ఎక్కడ పట్టుకుంటాడోనని నేను బిక్కచచ్చి నిలబడ్డాను. ఆయన దాని మాటే ఎత్తలేదు.

"బావుందిరా. కాని ఇది ఇంఫాల్ది కాదు" అన్నాడు.

"అదేమిటి పెదనాన్నా, పెట్టె మీద హరికేన్ అనే ఉంది."

"హరికేనే. కాని దీని మీద ఎరుపుంది."

ఇంగ్లీషువాళ్ళ విమానాల మీద వేసే చక్రం నడిమధ్య ఎర్రటి బొట్టుంటుంది. జపాన్ విమానాల మీద గుర్తు మొత్తం ఒక్క ఎర్రటి బొట్టే. తూర్పు రంగంలో, మబ్బుల్లో, వేగంలో, ఆ రెండిట్నీ ఒకటనుకుంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. అందుకని అమెరికావాళ్ళు తమ నక్షత్రం మధ్యనున్న ఎర్రచుక్కని 1942 మే నెలలో తీసేశారు. ఆస్ట్రేలియావాళ్ళూ తమ చక్రాల్లోంచి ఎరుపు తీసేశారు. మన వైపు విమానాల మీద మొదట ఎరుపు మీద తెలుపు కొట్టేశారు. తర్వాత తర్వాత ముదురు నీలం, లేత నీలం చక్రాలొచ్చాయి. ఇవన్నీ నేను తర్వాత పుస్తకాల్లో చదువుకున్నవి. ఆ రోజు మా పెదనాన్న చెప్పింది ఇంతే:

"కింద తుపాకీ దగ్గర కూచున్నవాడికి ఎంత టైముంటుందనుకున్నావ్? ఒకటీ రెండూ అని లెక్కపెట్టేంత. ఆ లెక్కలో వాడి కంటికి ఎరుపు కనపడిందా..."

అక్కడ ఆగిపోయాడు. నేను ఊరుకోక, "అలా ఎవరైనా..." అని అడగబోయాను. "కాఫీ ఇమ్మని చెప్పు మీ పెద్దమ్మకి" అన్నాడు.

కాఫీ తాగాక, "తెల్లరంగుందా?" అన్నాడు. ఇచ్చాను. నా కుంచె ఆయనకి ఆనలేదు. అగ్గిపుల్ల చివర నలిపి, రంగులో ముంచి, వణికే చేత్తో ఆ ఎర్రబొట్టు మీద తెలుపు అద్దాడు. ఒకవైపు కాస్త పొంగింది. "పర్లేదులే. మేమూ ఇలాగే కొట్టాం, నిచ్చెన మీద నించుని. అప్పుడూ పొంగింది" అన్నాడు.

తర్వాత గోటితో తోక మీద ఒకచోటా, రెక్క చివర ఒకచోటా చూపించాడు. "ఇక్కడా, ఇక్కడా డబ్ల్యూ/టి అని ఉండాలి. చిన్న అక్షరాలు."

ఏమిటవి అని అడిగితే చెప్పాడు. ఇంజనులో నిప్పురవ్వల గోల రేడియోలోకి జొరబడకుండా, విమానంలో విడివిడిగా ఉండే లోహపు భాగాల్ని ఒకదానితో ఒకటి తీగలతో కలుపుతారు. అలా కలిపి ఉందని చెప్పే గుర్తు ఆ రెండక్షరాలు. వైర్‌లెస్ టెలిగ్రఫీకి పొట్టిపేరు. "ఆ అక్షరాలున్నాయంటే, ఈ ముక్కని ఒకడు చూశాడన్నమాట" అన్నాడు.

నా కాగితం మీద ఆ అక్షరాలు లేవు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ బొమ్మకి అవి పడలేదు. ఆయన పోయాక, మేం ఇల్లు మారినప్పుడు దాని రెక్క కూడా విరిగింది. కిందటేడు మా అమ్మాయి కొత్త హరికేన్ పెట్టె ఒకటి పంపింది. మూత తీసి డెకాల్ కాగితం చూస్తే, ఒక మూల, కంటికి ఆనీ ఆనకుండా, డబ్ల్యూ/టి, డబ్ల్యూ/టి అని వరసగా ఉన్నాయి.

మా బావమరిది మోచేతి మీద చచ్చిన చీమలా దొరికింది వాటిల్లో ఒకటి.

ఇప్పుడు చెప్పండి, ఎవరు చూడొచ్చారంటే ఏం జవాబు చెప్పను? ఆ అక్షరాలే జవాబు. అవి అందం కోసం వేసిన ముగ్గులు కావు. "నేను చూశాను" అని ఎవడో పేరులేనివాడు చెప్పిన సాక్ష్యం అవి. విమానం నడిపినవాడికి పతకం వస్తుంది, పుస్తకంలో ఫొటో వస్తుంది. రావలసిందే, ప్రాణాలకి తెగించినవాడు. కాని తీగ బిగించినవాడికి, టైరులో గాలి చూసినవాడికి, పెట్రోలు మూత సరిగ్గా తిప్పినవాడికి మిగిలినవి ఆ పిసరంత అక్షరాలే. బొమ్మ చేసేవాడు పెద్ద చక్రాలు మాత్రం దిద్దంగా వేసి, చిన్న అక్షరాల్ని ఎవరు చూడొచ్చార్లే అని చెత్తబుట్టలో వేస్తే, పైలట్‌ని ఉంచి ఫిట్టర్‌ని చెరిపేసినట్టే. చరిత్ర ఎలాగూ ఆ పనే చేస్తోంది. మన వంతు సాయం దేనికి?

జెట్ విమానం పైలట్ కూచునే చోటు పక్కన ఒక ఎర్ర త్రికోణం ఉంటుంది, చూశారా? ఆ సీటు కింద మందుగుండు ఉందని, పైలట్‌ని సీటుతోసహా బయటికి విసిరేస్తుందని, తెలీకుండా చెయ్యి పెట్టవద్దని హెచ్చరిక అది. బొమ్మ మీద మిల్లీమీటరుంటుంది. అసలు విమానం మీద అదొక ప్రాణం ఖరీదు. 1963లో మన దగ్గరికొచ్చిన మిగ్-21, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. పనిచేసినన్నాళ్ళు దాని ఒంటినిండా ఇలాంటి అక్షరాలే. అలా రిటైరైన విమానాల్ని కూడళ్ళలో దిమ్మల మీద నిలబెడతారు. వెలిశాక మళ్ళీ రంగు కొట్టేటప్పుడు ముందు మాయమయ్యేవి ఈ చిన్న అక్షరాలే. ఎవరు చూడొచ్చారని కొట్టేస్తారు. అప్పుడిక అవి మిగిలేది మాలాంటి పిచ్చివాళ్ళ అద్దాల బీరువాల్లోనే.

దీనికి ఎదురుచెప్పేవాళ్ళు లేకపోలేదు. "అన్నీ అచ్చుగుద్దినట్టు ఉండాలనడం ఛాదస్తం" అంటారు కొందరు. అయ్యా, నేనడిగేది నునుపు కాదు, నిజం. 1944 జూన్‌లో నార్మండీ దండయాత్రకి ముందు, మనవాడెవడో పరాయివాడెవడో తెలియడానికి, మిత్రపక్షాల విమానాల మీద నలుపు తెలుపు పట్టీలు వెయ్యమని ఆఖరి గడియల్లో హుకుం వచ్చింది. ఉన్న కుంచెలతో, ఉన్న వెలుతురులో హడావుడిగా వేశారు. చాలావాటి మీద పట్టీలు వంకరటింకరగానే పడ్డాయి. అలాంటి విమానానికి డెకాల్ పట్టీని స్కేలు పెట్టినట్టు వేస్తే అదే అబద్ధం. వంకరది వంకరగానే ఉండాలి. మా పెదనాన్న తెలుపు పొంగినట్టు.

"పిల్లలకి యుద్ధం ఆటబొమ్మగా ఇస్తారా?" అని అడుగుతారు మరికొందరు. ఇది పెద్ద ప్రశ్నే. దీనికి మా మేనత్త కథ చెబుతాను. ఒకసారి నేనో జర్మన్ మెసర్‌ష్మిట్ చేసి, తోక మీద నాజీల గుర్తు వేసి బీరువాలో పెట్టాను. ఆవిడ చూసి, "నాయనా, శుభమా అని స్వస్తికం వేశావు, బొట్టు పెట్టలేదేం?" అని కుంకంభరిణె తేబోయింది. ఆపి, కూచోబెట్టి, ఆ గుర్తు కింద ఎన్ని లక్షలమందిని చంపారో చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఎందుకు వేశావురా?" అంది చివరికి. మంచి ప్రశ్నే. జర్మనీలో ఆ గుర్తుని బహిరంగంగా వాడడం చట్టం ఒప్పుకోదు. చాలా కంపెనీలు దాన్ని కాగితం మీద అచ్చే వెయ్యవు. కొన్ని రెండు ముక్కలుగా విరిచి అచ్చువేస్తాయి. ఆ దేశం సిగ్గుపడి తీసుకున్న నిర్ణయం అది, నేను తప్పుపట్టను. కాని నా బీరువాలో ఆ గుర్తు లేకపోతే, ఆ విమానం ఒట్టి అందమైన విమానంలా ఉంటుంది. హంతకుడు చొక్కా మార్చుకుని పెద్దమనిషిలా నిలబడ్డట్టు ఉంటుంది. గుర్తుంటే అడిగేవాళ్ళుంటారు. అడిగితే చెప్పవచ్చు. ఎరుపు ఎందుకు తీసేశారో, ఈ గుర్తు ఎందుకు దాస్తారో తెలుసుకున్న పిల్లవాడికి యుద్ధం ఆటలా కనిపించదు. ఏమీ తెలీకుండా చేత్తో పట్టుకుని "ఢాం ఢాం" అనే పిల్లవాడికే కనిపిస్తుంది.

కాబట్టి నా అభియోగం ఇది. "ఎవరు చూడొచ్చారు" అనేవాడు బద్ధకస్తుడు కాదు. బద్ధకానికి మందుంది. అతను చూసేవాడి కోసమే పనిచేసేవాడు. చూసేవాడు లేకపోతే అతని దృష్టిలో పని కూడా లేదు. లోకం నడిచేది మాత్రం ఎవరూ చూడని పనుల మీద. తోకలో తీగలాగ, చీర అంచు వెనక కుట్టులాగ.

ఈ వ్యాసం ఇక్కడిదాకా రాసి ఆపాను. మూడు వారాలు గడిచాయి. మొన్న రాత్రి తొమ్మిదింటికి బావమరిది ఫోను చేశాడు. గొంతు వణుకుతోంది. కొత్తగా కట్టిన ఇంట్లో హాలు గోడ చెమ్మగిల్లి, ఉబ్బి, సున్నం పెచ్చులుగా రాలుతోందిట. పలకలు పగలగొట్టి చూస్తే, లోపలి నీళ్ళగొట్టం అతుక్కి జిగురే పెట్టలేదుట మేస్త్రీ. ఊరికే గుచ్చి వదిలేశాడుట.

"పిలిచి అడిగితే ఏమన్నాడో తెలుసా బావగారూ? గోడలోపల ఉండేదే గదా, ఎవరు..."

అక్కడ ఆగిపోయాడు. నేను ఏమీ అనలేదు. ముడత పడ్డప్పుడు వేలు పెట్టకూడదు.

కిందటి ఆదివారం మళ్ళీ వచ్చాడు. ఈసారి చెప్పులు గుమ్మం అవతలే చప్పుడు కాకుండా విప్పాడు. నా వెనక నించుని ఊపిరి బిగబట్టాడు. తోక మీద అక్షరాలు కూచున్నాక, "ఏమిటవి?" అన్నాడు. చెప్పాను. భూతద్దం అడిగి తీసుకుని చాలాసేపు చూశాడు. రెక్క చివర వెయ్యాల్సింది ఇంకా ఒకటి మిగిలుంది. కుంచె అతని చేతికిచ్చాను.

నలభై నిమిషాలు పట్టింది. కాస్త పక్కకి ఒరిగింది గాని, అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. మా ఆవిడ వచ్చి చూసి, బావుందని తమ్ముణ్ణి మెచ్చుకుని, సాసరు కడిగి ఇస్తారా లేదా అని నన్నడిగింది.